రెండు మూటల మొలకలు

నా చిన్నప్పుడు మా కళ్ళంలోకి మొదటిసారి ట్రాక్టరు వస్తే ఊరంతా సంబరపడింది, మా మామ్మ ఒక్కతే మొహం చిట్లించుకుంది. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. మాది పెదపాడు దగ్గర పల్లె. అప్పటిదాకా కోసిన వరిని కళ్ళంలో పరిచి ఎడ్లతో తొక్కించేవారు. సాయంత్రానికి ఎడ్లూ మనుషులూ కూడా సొమ్మసిల్లిపోయేవారు. తాడేపల్లిగూడెం వైపు నుంచి అద్దెకొచ్చిన ఆ ట్రాక్టరు పనల మీద గుండ్రంగా తిరిగి, మధ్యాహ్నం అన్నాలవేళకి గింజంతా రాల్చేసింది. నాన్నగారి ఆనందం అంతా ఇంతా కాదు.

మామ్మ మాత్రం పెళ్ళిచూపులకి వచ్చిన మగపెళ్ళివారిలా దాని చుట్టూ తిరిగింది. చక్రం తట్టి చూసింది. కింద పడిన నూనె చుక్కని వేలితో తీసి వాసన చూసింది. డ్రైవరు నవ్వి, "బండి మంచిదేనండీ మామ్మగారూ, భయపడకండి" అన్నాడు. "మంచిదో కాదో నీ బండిని అడగనయ్యా, గింజనే అడుగుతాను" అంది మామ్మ.

ఆవిడ అనుమానం విత్తనం గురించి. ఎద్దు డెక్క కింద గింజ పక్కకి జారి బతికిపోతుందట, అంత బరువు చక్రం కింద మాత్రం నలిగిపోతుందట. పైకి నిండుగా కనిపించినా లోపల మొలక చచ్చిపోయి ఉంటుందని ఆవిడ గట్టి నమ్మకం. మాకప్పట్లో విత్తనం కొనుక్కునే అలవాటు లేదు. ఈ పంటలోంచి దాచుకున్నదే వచ్చే సార్వాకి, అంటే తొలకరి పంటకి, నారు. అది మొలవకపోతే ఊడ్పులకి నారుండదు, ఆ ఏడు చేను బీడే. అందుకని మామ్మ కొన్ని పనలు పక్కకి లాగి, చెక్కబల్ల మీద కొట్టించి, తన విత్తనం తాను వేరుగా దాచుకుంది. నాన్నగారు ట్రాక్టరు తొక్కిన ధాన్యాన్నే విత్తనానికి ఉంచారు. నారుమడిలో ఎవరి విత్తనం పడాలన్న దాని మీద తల్లీకొడుకులిద్దరూ వేసవంతా ముభావంగా తిరిగారు. వాళ్ళ మధ్య కూర్చుని అన్నం తినడం నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది.

రోహిణి కార్తె ఎండల్లో ఒకరోజు మామ్మ నన్ను వెనక వసారాలోకి పిలిచింది. నానబెట్టిన విత్తనాన్ని మూటగట్టి మొలకెత్తించడాన్ని మావైపు మండె కట్టడం అంటారు. రెండు పాత గుడ్డలూ, కాస్త ఎర్రనూలూ, కాస్త తెల్లనూలూ నా చేతిలో పెట్టి, తన విత్తనం ఒక మూటలో, ట్రాక్టరుది ఒక మూటలో కట్టమంది. ఏ నూలు దేనికో నన్నే అనుకోమంది. "మీ నాన్నకి చెప్పకు. నాకూ చెప్పకే. ఏది నాదో తెలిస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెబుతాయి" అంది. అందరినీ అనుమానించే మామ్మ తన కళ్ళని కూడా నమ్మడం లేదని నాకప్పుడు భలే ఆశ్చర్యమేసింది.

మూటలు తడి గోనె కింద పెట్టి రోజూ నీళ్ళు చిలకరించాం. విప్పే రోజు నాన్నగారు కూడా వచ్చి నిలబడ్డారు. నా మొహం చూసి పట్టేస్తానని మామ్మ నన్ను గోడవైపు తిరిగి కూర్చోమంది. వెనక నుంచి గుడ్డలు విప్పిన చప్పుడు వినిపించింది. మామ్మ మొలకల్ని వేలితో కెలికి చూస్తున్నట్టుంది. చివరికి మామ్మ, "రెండూ బాగానే మొలిచాయిరా. కానీ ఈ ఎర్రనూలుది చూడు, ఎంత ఒత్తుగా ఉందో. ఇదే నాది" అంది, కోర్టులో గెలిచినంత ధీమాగా.

ఎర్రనూలు ట్రాక్టరుది.

గోడవైపు చూస్తూనే ఆ మాట చెప్పేశాను. నాన్నగారు నవ్వబోయి, మామ్మ మొహం చూసి ఆపుకున్నారు. ఆవిడ ఆ మొలకల్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "సరే, ఈ ఏడు దాని విత్తనమే వెయ్యి. పై ఏడు మళ్ళీ కడదాం" అంది. మా ఇంట్లో విత్తనం చల్లే ముందు బుట్ట మీద చెయ్యి వేసి ప్రార్థన చేయడం ఆనవాయితీ. ఆ ఏడు మామ్మ ట్రాక్టరు విత్తనం మీద చెయ్యి వేసి, మామూలుకన్నా కాస్త ఎక్కువసేపే ప్రార్థించింది. ఆ తర్వాత తాను ఉన్నన్నాళ్ళూ ఏటా నాచేత మూటలు కట్టిస్తూనే ఉంది.

ఇప్పుడు మా పొలంలో గొలుసు చక్రాల కోత మిషన్ దిగితే కోతా నూర్పూ ఒకేసారి అయిపోతున్నాయి. మందు చల్లడానికి డ్రోన్ వస్తోంది. ఆనాటి ట్రాక్టరు ఇప్పుడు నాకు సొంత మనిషిలా అనిపిస్తుంది, ఈ మిషన్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది. దాని కడుపులో పక్క ఊరి గింజలు మిగిలిపోయి మా ధాన్యంలో కలుస్తాయని, పచ్చి గింజని లోపల చితక్కొడుతుందని నా అనుమానం. మా అబ్బాయి ఈసారి మిషన్ ధాన్యాన్నే విత్తనానికి ఉంచుదామన్నాడు. "అందరూ అదే వేస్తున్నారమ్మా" అని అచ్చం మా నాన్నగారి గొంతుతోనే అన్నాడు. నేను వాదించలేదు. చేలో ఒక మూలన కొడవలితో కోయించి, బల్ల మీద కొట్టించి కాస్త వేరుగా దాచాను.

మొన్న మా కోడలి చేత రెండు మూటలు కట్టించాను. "అత్తయ్యగారూ, ఏది దేనిదో మీ ఒక్కరికైనా చెప్పనా అండీ?" అంది. వద్దన్నాను. ఆ మిషన్ ఓడిపోవాలని నాకెంత కోరికగా ఉందో నాకు తెలుసు, అంత కోరిక ఉన్న మనిషిని నేనే నమ్మను. రేపు పొద్దున మూటలు విప్పుతాం. అప్పుడు గోడవైపు తిరిగి కూర్చోమని మా కోడలికి ఇప్పుడే చెప్పి ఉంచాను.