బ్రేకు బాబాయి కుడిచెయ్యి

పొద్దున ఆరు కొట్టేసరికి బ్రేకు బాబాయి వీధి మొదట నిలబడేవాడు. టీ చుక్క నోట్లో పడకముందే ఈ పని అయిపోవాలి. ఇళ్ళ ముందు నిలిపిన బళ్ళలో ఒక్కొక్కదాని దగ్గరకే వెళ్ళి, కుడిచేత్తో ముందు బ్రేకు నొక్కిపట్టి, కళ్ళు మూసుకుని పది దాకా లెక్కపెట్టేవాడు. పది అయ్యేదాకా పిడి కదలకుండా నిలిస్తే బండి మంచిదే. వేళ్ళ కింద మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతున్నట్టు. అప్పుడు ఆ ఇంటి తలుపు తట్టి, ఇవాళ దీన్ని నడపొద్దు, తన మెకానిక్ షెడ్డుకు తోసుకురమ్మని చెప్పి ముందుకు సాగేవాడు. ఆ పది అంకెలే ఆయన ప్రార్థన అనేది భార్య. ఆఖరి బండి దగ్గర మాత్రం, "ఇవాళ ఎవరికీ ఏమీ కాకూడదు తండ్రీ" అని గొణుక్కునేవాడు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయే.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఆయనకు పని నేర్పిన పెద్దమేస్త్రికి కోపం ముక్కు మీదే ఉండేది. తప్పు కనబడితే చేతిలో ఏ పానా ఉంటే ఆ పానా విసిరేవాడు. బాబాయి ఎడమ కనుబొమ్మ మీద మచ్చ పద్నాలుగో నంబరు పానాది. ఆ పెద్దమేస్త్రి ఒకనాడు కారును ఒక్క జాకీ మీద లేపి కిందికి దూరాడు. చక్రం దగ్గర చెక్కదుంగలు పెడదామని బాబాయి అన్నాడు. నాకు చెప్పేంతటివాడివయ్యావా అని ఆయన కసిరాడు. కసిరిన మాట ఇంకా గాలిలో ఉండగానే జాకీ ఒరిగింది. ఎండుపుల్లలు విరిచినట్టు పక్కటెముకలు విరిగాయి. బాబాయి వీపు ఆనించి కారును ఎత్తబోయాడు గానీ అది కదల్లేదు. పెద్దమేస్త్రి నోట్లోంచి రక్తం బుడగలు బుడగలుగా వచ్చింది. ఆయన చెయ్యి బాబాయి లాగు అంచును పట్టుకుంది. ఆ పట్టు తనంతట తాను వదిలేదాకా బాబాయి అక్కడే కూర్చున్నాడు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిదేళ్ళు.

అప్పట్నుంచి ఆయన షెడ్డుకు బండి తెచ్చినవాడు బండితోపాటు నాలుగు మాటలు కూడా పట్టుకెళ్ళాల్సిందే. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఇంజన్ కాగి ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకూడదు, మొహం కాలిపోతుంది. బండి చైను మధ్యలో రెండు వేళ్ళంత ఆడాలి. మరీ బిగిస్తే తెగి కాలికి చుట్టుకుంటుంది. బ్రేకు ఆయిల్ తగ్గిందంటే దాహమేసి తాగిందని కాదు, లోపల ఏదో అరిగిందనో కారుతోందనో అర్థం. పోసి ఊరుకోకూడదు, విప్పి చూడాలి. విన్నవాళ్ళు తల ఊపేవాళ్ళు. సగం మంది ఇంటికి వెళ్ళేలోపే మరిచిపోయేవాళ్ళు.

ఆ వీధిలోనే ఐసు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. పెద్దోడు ఐసు దిమ్మల్ని ఇనప గునపంతో పగలగొట్టేవాడు, చిన్నోడు వాటిని చిన్న వ్యానులో వేసుకుని బజారుకు తోలేవాడు. తల్లీ తండ్రీ లేరు. తమ్ముణ్ణి పెద్దోడే చంకనేసుకుని పెంచాడు. ఆ మధ్యే ఆ వ్యాను బ్రేకులు బాబాయే బాగుచేసి ఇచ్చాడు. దాని తలుపుకు తాళం పాడై చాలాకాలమైంది, కాబట్టి బాబాయి రోజూ అందులో కూర్చుని కాలితో బ్రేకు తొక్కి పది లెక్కపెట్టేవాడు. ఆ వారమంతా పెడలు రోజురోజుకూ గట్టిపడుతున్నట్టు అనిపించింది. గట్టిగా ఉంది కదా, మంచిదేలే అనుకుని దిగిపోయాడు.

అలా దిగిన ఒక పొద్దుటే ఆ ఘోరం జరిగింది. వంతెన మీంచి బజారులోకి దిగే వాలులో వ్యాను చక్రాల దగ్గర పొగ లేచింది. చిన్నోడు బ్రేకు తొక్కితే పెడలు నేలదాకా వెళ్ళిపోయింది. వ్యాను గోదాము గోడను గుద్దుకుంది. వెనకున్న ఐసు దిమ్మలన్నీ మీదికి ఉరికి కేబిన్‌ను చీల్చుకుని ముందుకొచ్చాయి. కరిగిన నీళ్ళూ రక్తమూ కలిసి వాలు కింది దాకా పారాయి. ఇనుము కోసి బయటికి తీసేసరికి చిన్నోడి కుడికాలు మోకాలి కింద పిప్పి పిప్పి అయింది. ఆస్పత్రిలో దాన్ని తీసేశారు.

ఆస్పత్రి నుంచి పెద్దోడు ఇంటికి పోలేదు, గునపం పట్టుకుని నేరుగా షెడ్డుకు వచ్చాడు. బాబాయి ఒక బండికి చైను ఎక్కిస్తున్నాడు. తమ్ముడెలా ఉన్నాడని అడగబోయేలోపే మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బ పళ్ళ మీద పడింది. కిందపడినవాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకుంటూ, రేకులు సాగగొట్టే ఇనప దిమ్మ దగ్గరకు తెచ్చి, కుడిచెయ్యి లాగి దాని మీద పెట్టాడు.

"ఈ చేత్తోనేగా బాగుచేశావు," అన్నాడు.

మూడుసార్లు కొట్టాడు. రెండో దెబ్బకే వేళ్ళు వేళ్ళలా లేవు. బాబాయి భార్య ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, జాకీ రాడ్డు అందుకుని పెద్దోడి వీపు మీద ఒకటి, మెడ మీద ఒకటి వేసింది. వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నలుగురు కలిసి లాగితే తప్ప కదల్లేదు. పోతూ పోతూ అరలు కూలదోశాడు, ఎదురుగా ఉన్న బండి పెట్రోలు ట్యాంకును గునపంతో పొడిచాడు. నుజ్జయిన వ్యానును సాయంత్రానికి లారీతో ఈడ్పించి తెచ్చి షెడ్డు వాకిట్లో పారేయించాడు. నీ పని నువ్వే చూసుకుంటూ కూర్చో అని కబురు పంపాడు.

ఆ రోజుల్లో జరిగిన చిన్న చిన్న మంచి పనులు కూడా చెప్పుకోవాలి. పక్కింటి కుట్టుమిషను ఆవిడ పదిహేను రోజులు గంజి కాచి తెచ్చింది. ఎవరో పేరు తెలియని మనిషి, కాలవలో పడిన బేరింగులూ నట్లూ ఏరి, కడిగి, డబ్బాలో పోసి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళాడు. కానీ బండి మాత్రం ఒక్కరూ తేలేదు. వాకిట్లో ఆ వ్యానును చూసినవాళ్ళు తమ బళ్ళను తోసుకుని అటునుంచి అటే పోయేవాళ్ళు. చేతికి కట్టు కట్టిన డాక్టరు, మూడు వేళ్ళు ఇక మడవడానికి రావని చెప్పేశాడు.

కేసు పెడదామంది భార్య. బాబాయి ఒప్పుకోలేదు. అది జాలి అనుకుంటే పొరపాటే. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. రాత్రింబవళ్ళు మనసులో పెద్దోణ్ణి అదే దిమ్మ మీద పెట్టి కొడుతూనే ఉన్నాడు.

"చెయ్యి పోతే పోయింది. నా చేతివల్ల ఒకడి కాలు పోయిందనే మాట మాత్రం పడను," అన్నాడు. "ముందు వ్యాను విప్పుదాం. తప్పు వాడిదని తేలాక వీధి నడిబొడ్డున వాడి మొహాన కొడతాను."

ఇరవయ్యో రోజున విప్పారు. ఆయన ఎడమచేత్తో చూపించడం, ఆవిడ పానా తిప్పడం. ఇటు కాదే, అటు అని ఆయన విసుక్కుంటే, పాతికేళ్ళుగా మీ మసిబట్టలు ఉతికాను, ఆ మాత్రం నాకూ తెలుసు అని ఆవిడ సణిగింది. బ్రేకు ఆయిల్‌ను తోసే సిలిండర్ ఊడదీసి లోపలి రబ్బరు బయటికి లాగారు. అది నానిన గింజలా ఉబ్బి, మెత్తబడి, చేతికి నల్లగా అంటుకుంది. బాబాయి అందులోని ఆయిల్ నాలుగు చుక్కలు నీళ్ళ గిన్నెలో వేశాడు. బ్రేకు ఆయిలయితే నీళ్ళలో కలిసిపోవాలి. ఇది కలవలేదు. చాలావరకు పైకి తేలి రంగురంగుల పొరలా పరుచుకుంది. అది ఇంజన్ ఆయిల్. దానికి రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బితే ముందు పెడలు గట్టిపడుతుంది, బ్రేకులు వదలకుండా చక్రాన్ని పట్టేసుకుంటాయి. చక్రం కాగి, ఆయిల్ మరిగి, చివరికి బ్రేకే లేకుండా పోతుంది.

బాబాయి మొహంలో వెలుగొచ్చింది. మంచి వెలుగు కాదది. పెద్దోణ్ణి పిలవమని భార్యను పంపాడు.

వాడు వచ్చాడు. గునపం చేతిలోనే ఉంది, పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు. బాబాయి గిన్నె చూపించి, రబ్బరు చూపించి, వాడు బెదిరేలా ఒక్కొక్క మాటా నొక్కి చెప్పాడు. తను పోసింది బ్రేకు ఆయిలని, ఇది వేరే ఎవరో పోసిన ఇంజన్ ఆయిలని, తమ్ముడి కాలు తీసింది ఆ చెయ్యేనని. వింటున్నకొద్దీ పెద్దోడి మొహం పాలిపోయింది.

"నేనే పోశాను బాబాయ్," అన్నాడు చివరికి. "బ్రేకు ఆయిల్ గీత కన్నా తగ్గిందని. నువ్వు పోసిన ఆయిలే పోశాను."

"నేనెప్పుడు పోశాన్రా ఇది?"

"నా కళ్ళారా చూశాను. బ్రేకులు వేసిన రోజు ఆ ఎర్ర డబ్బాలోంచే పోశావు. అదే డబ్బా కొట్లో అడిగి కొనుక్కొచ్చా."

బాబాయి తలతిప్పి అర వైపు చూశాడు. కూలిన అరను భార్య మళ్ళీ నిలబెట్టి, సామానంతా సర్దింది. రెండో వరసలో ఎర్ర డబ్బా ఉంది. పైన ఇంజన్ ఆయిల్ బొమ్మ. లోపల ఉన్నది బ్రేకు ఆయిల్. పాత డబ్బా తుప్పుపట్టి కారుతుంటే, ఖాళీ అయిన ఈ ఎర్ర డబ్బాను కడిగి ఆరబెట్టి ఆయనే అందులో పోసుకున్నాడు. తనకు తెలుసు కదా అని కాగితం ముక్క కూడా అంటించలేదు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పిన మనిషి. పైగా ఆ గట్టిపడిన పెడలు మీద వారం రోజులు తన కాలే పెట్టి, మంచిదేలే అనుకుని దిగినవాడు.

ఇరవై రోజులుగా దాచుకున్న కోపానికి ఇక ఎవరి మీద పడాలో తెలియలేదు.

పెద్దోడికి డబ్బా గొడవ పట్టలేదు. తమ్ముడి కాలు తీసింది ఆ చెయ్యేనన్న ఒక్క మాటే వాడి చెవిలో మోగుతున్నట్టుంది. నడిచి వెళ్ళి ఇనప దిమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బాబాయి రక్తం మరక ఇంకా దాని అంచున గోధుమరంగులో ఉంది. కుడిచెయ్యి దాని మీద పరిచి, ఎడమచేత్తో గునపం ఎత్తాడు. మొదటి దెబ్బ గురితప్పి చిటికెనవేలు చితికింది. రక్తం చిమ్మింది. వాడు అరవకుండా మళ్ళీ ఎత్తాడు.

బాబాయి వాడి మీద పడ్డాడు. ఇద్దరూ ఆయిలు మరకల నేల మీద దొర్లారు. ఒంటిచేత్తో ఆయన వాడి మణికట్టు పట్టుకుని మిగిలిన పళ్ళతో కొరికితే గానీ గునపం జారలేదు. భార్య దాన్ని కాలితో వీధిలోకి తన్నింది.

"వదులు బాబాయ్. ఈ చెయ్యి నాకొద్దు," అన్నాడు పెద్దోడు.

"నాక్కావాలిరా."

ఇద్దరూ రొప్పుతున్నారు. కట్టు ఊడి బాబాయి చెయ్యి బయటపడింది. మడతపడని మూడు వేళ్ళూ పుల్లల్లా ముందుకు నిలబడి ఉన్నాయి. భార్య తన కొంగు చింపి పెద్దోడి వేలికి గట్టిగా చుట్టింది. చుడుతూ, ఆ రోజు మెడ మీద తగిలిందా అని మాత్రం అడిగింది. లేదు పిన్నీ అని వాడు అబద్ధం చెప్పాడు.

"ఒరేయ్, నాకో సాయం చెయ్యాలి," అన్నాడు బాబాయి. "ఇరవై రోజులుగా ఈ వీధిలో ఒక్క బండి బ్రేకూ ఎవరూ చూడలేదు. నా వేళ్ళు ఇక నొక్కలేవు. రేపు ఆరింటికి రా. నేను పక్కనే ఉంటాను, నువ్వు నొక్కిపట్టు. దిగిపోతే చెప్పు, నిన్నటికన్నా గట్టిగా ఉన్నా చెప్పు. తలుపు తీసి ఎవరైనా అడిగితే ఎర్ర డబ్బా సంగతి చెబుదాం. నా తప్పు ముందు, నీది తర్వాత. పది దాకా లెక్కపెట్టాలి, తొమ్మిదికి వదలకూడదు. వస్తావా?"