కాటా బాబాయ్ బరువు

పదింటి బస్సు కండక్టరు కిటికీలోంచి అందించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను కాటా బాబాయ్ గుట్టుచప్పుడు కాకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. అందులో కాటా కంప్యూటరుకి కావలసిన ప్రాసెసరు ఉంది. దానికోసమే బయట మూడు లారీలు, లోపల ముగ్గురు డ్రైవర్లు పొద్దున్నుంచి కాచుకుని ఉన్నారు.

"సామాను వచ్చిందా బాబాయ్?" అని ఇటుకల లారీ డ్రైవరు అడిగాడు.

"ఇంకా లేదు నాయనా. దారిలో ఉందట," అని కళ్లార్పకుండా అబద్ధమాడేశాడు బాబాయ్.

పనిదొంగ అనుకునేరు. పద్నాలుగేళ్లలో ఒక్క తప్పు చీటీ ఇవ్వని మనిషి. ఊరికి దూరంగా రోడ్డు పక్కన, లారీని సరుకుతో సహా తూచే పెద్ద ఇనుప పలక ఉంది. దాని పక్కన ఒక గది, గదిలో ఒక పాత కంప్యూటరు, దాని ముందు ఆయన. లారీ పలక ఎక్కితే తెరమీద అంకె పడుతుంది, ఆయన చీటీ తీసి కిటికీలోంచి ఇస్తాడు. ఆ కిటికీలో చెయ్యి తప్ప ఇంకేమీ పట్టదు. అందుకని ఆయనకు డ్రైవర్ల మొహాలు తెలియవు, చేతులే తెలుసు. గోళ్లలో ఎర్రదుమ్ము ఉంటే ఇటుకలాయన. నానిపోయి ముడతలు పడ్డ వేళ్లు ఐసు లారీ ఆయనవి. చెయ్యి వస్తుంది, చీటీ అందుకుంటుంది, వెళ్లిపోతుంది.

ఇంటిదగ్గర మాత్రం ఎవరున్నారు? తల్లి మంచాన పడిన తొమ్మిదేళ్లూ తనే చూసుకున్నాడు. ఆమె పోయేనాటికి సంబంధాలు తెచ్చేవాళ్లు తేవడం మానేశారు. ఉన్న ఒక్క అక్క ఆదివారం ఫోను చేస్తుంది. "తిన్నావా?" "తిన్నా." "ఇంకేంటి?" "ఏముంటాయక్కా." అంతటితో అక్కాతమ్ముళ్ల ముచ్చట మళ్లీ ఆదివారానికి వాయిదా పడుతుంది.

నిన్న మధ్యాహ్నం కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, ఒక్కొక్కటే విప్పి చూసి, ప్రాసెసరు పోయిందని తేల్చాడు. కొత్త కంప్యూటరు పెడదామంటే, కాటా తీగ తగిలించే చోటు కొత్తవాటికి లేదట.

"దీనికి సరిపోయేది పాత సామాన్లలో వెతికి పంపిస్తాను. నువ్వే పెట్టుకోవచ్చు బాబాయ్. మూలన చిన్న త్రిభుజం గుర్తుంటుంది. దానిమీది గుర్తు, కిందున్న గుర్తు ఒకేచోటికి రావాలి. గట్టిగా నొక్కావంటే సూదులు వంగిపోతాయి. సరిగ్గా పెడితే దానంతటదే కూర్చుంటుంది," అని చెప్పి వెళ్లాడు.

చీటీ లేనిదే ఏ గోదాములోనూ గేటు తియ్యరు. అందుకని డ్రైవర్లు ఆగిపోయారు, ఎండకు తాళలేక ఒక్కొక్కరే తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ఆ గదిలోకి ఇంతమంది రావడం అదే మొదలు. ఉన్నది ఒక్క గ్లాసు. ఒకరు తాగి కడిగి ఇస్తే ఇంకొకరికి టీ. పాత ఇనుము లారీ డ్రైవరు వాళ్ల అత్తగారి గురక గురించి చెబుతుంటే బాబాయ్ కడుపుబ్బ నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. జేబులో డబ్బా ఛాతీకి తగులుతూనే ఉంది. ఇంకొక్క అరగంట అనుకున్నాడు. ఆ అరగంటలు నాలుగయ్యాయి.

"గొంతు విని భారీ మనిషివనుకున్నా బాబాయ్. ఇంత బక్కగా ఉన్నావేంటి? ఎంతుంటావు?" అన్నాడు ఇటుకలాయన.

"ఏమో, ఎప్పుడూ తూచుకోలేదు."

"కాటా పక్కనే పెట్టుకునా?"

"పలక బయట, తెర లోపల. నేను బయట నిలబడితే లోపల అంకె చూసేదెవరు?"

అందరూ పకపకా నవ్వారు. అప్పుడే లోపలికి వచ్చిన ఐసు లారీ ఆయన మాత్రం నవ్వలేదు. "కంప్యూటరు బాగయ్యాక నేను చూసి చెబుతాలే," అని మళ్లీ బయటికి వెళ్లాడు. ఆయన ఒకచోట కూర్చోవడం లేదు. ఎందుకో చూద్దామని బాబాయ్ వెనకాలే వెళ్లాడు.

లారీ కింద నీళ్లు కాలవ కట్టాయి. ఐసు దిమ్మల మీద గోనెసంచులు చాలక, ఆయన తన దుప్పటి కూడా తడిపి కప్పాడు.

"చేపలవాళ్లు బరువు చూసి దింపుకుంటారు బాబాయ్. పోయినసారి తగ్గిందనే మా యజమాని గొడవ చేశాడు. ఈసారి కూడా తగ్గితే బండి ఇంకొకడికి ఇచ్చేస్తాడు," అన్నాడు ఆయన, గోనెసంచి సర్దుతూ.

బాబాయ్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. లోపలికి వచ్చి డబ్బా తీసి బల్లమీద పెట్టాడు.

"ఎప్పుడొచ్చింది?" అన్నాడు ఇటుకలాయన.

"పదింటికి."

"మరెందుకు దాచావు?"

"ఇచ్చేస్తే మీరు వెళ్లిపోతారని."

గుమ్మంలో నిలబడిన ఐసు లారీ ఆయన ఒక్క చూపు చూసి, వెళ్లి తన బండి ఎక్కాడు. ఇటుకలాయన సెల్‌ఫోను లైటు పట్టాడు గానీ బాబాయ్ మొహం చూడలేదు. బాబాయ్ ఫ్యాను విప్పి, కింద సున్నంలా ఎండిపోయిన పేస్టు వదిలేదాకా, ప్రాసెసరు వేడిని లాగే అల్యూమినియం దిమ్మను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీశాడు. చిన్న మీట ఎత్తి పాత ప్రాసెసరు బయటికి తీశాడు. కొత్తదాని త్రిభుజం గుర్తు కలిపి వదిలితే, మెకానిక్ చెప్పినట్టే దానంతటదే కూర్చుంది. మీట దించి, డబ్బాలోనే వచ్చిన పేస్టు బియ్యపుగింజంత పెట్టి, దిమ్మ, ఫ్యాను బిగించి బటన్ నొక్కాడు. కుయ్‌మని ఒక చిన్న కూత. నల్లటి తెరమీద పచ్చటి సున్నా పడింది.

ముందు ఐసు లారీనే పలక ఎక్కించారు. ఫ్యాక్టరీ వాళ్లు రాసిచ్చిన దానికంటే నాలుగు వందల కిలోలు తక్కువ వచ్చింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి బాబాయ్‌కి తప్పు చీటీ ఇవ్వాలనిపించింది. కానీ యంత్రం ఉన్నదే అచ్చు వేసింది. కిటికీలోంచి ముడతలు పడ్డ వేళ్లు వచ్చాయి, చీటీ అందుకున్నాయి, వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఎర్రదుమ్ము గోళ్లు. ఆ తర్వాత తుప్పు మరకల చెయ్యి. గంటలో రోడ్డు ఖాళీ అయిపోయింది.

బాబాయ్ గ్లాసు కడిగి బోర్లించాడు. బయటికి వచ్చి, ఐసు నీళ్లతో ఇంకా తడిగా ఉన్న పలక నడిమధ్యకు వెళ్లి, చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపల ఏదో ఒక అంకె పడే ఉంటుంది. కాసేపు కదలకుండా అలాగే ఉన్నాడు.

తిరిగి గదిలోకి వచ్చి చూస్తే తెరమీద సున్నా ఉంది.