మాస్టారి పోస్టుకార్డులు

మా లైబ్రరీ మాస్టారు పోయారని పోయిన నెల రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. నిజం చెప్పేస్తాను, తిట్టుకుంటే తిట్టుకోండి. నాకు ముందు ఏడుపు రాలేదు. అయ్యో, ఆ కార్డులేమైపోయాయో అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. జంగారెడ్డిగూడెంలో బస్సెక్కి కూర్చున్నాక మాత్రం కొవ్వూరు వంతెన వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆయన మా కాలేజీలో లైబ్రేరియను, చరిత్ర చదివిన మనిషి కాదు. తొంభైల మొదట్లో నేను ఎమ్మే చదువుతూ, మా మెట్ట ఊళ్ళలో ఆదిమానవుల ఆనవాళ్ళ మీద డిసర్టేషన్ రాస్తానంటే గైడుగారు నవ్వేశారు. దానికి ఇక్కడ మెటీరియల్ ఎక్కడుందమ్మా, హైదరాబాదు వెళ్ళాలి, హాయిగా గుళ్ళ మీద రాసుకో అన్నారు. మా ఇంట్లో నన్ను కాకినాడ పంపడానికే పంచాంగం చూసేవాళ్ళు, ఇంక హైదరాబాదు కూడానా! ఉక్రోషంతో లైబ్రరీలో కూర్చుని ముక్కు చీదుకుంటుంటే మాస్టారు ఏమీ అడక్కుండా బల్లసొరుగు లాగి నా ముందు పెట్టారు.

సొరుగు నిండా పోస్టుకార్డులు. ఆదివారాలు బస్సెక్కి ఊళ్ళు తిరిగి రాసుకున్నవి. కార్డుకి ఒక పాతరాయి. ఏ ఊరు, ఎవరి పొలం, ఎంత లోతులో దొరికింది, ఇప్పుడెవరింట్లో ఉంది, వాళ్ళు దాన్నేమంటారు, అన్నీ బియ్యపుగింజలంత అక్షరాల్లో. రెండోవైపు మాత్రం ఖాళీ. ఇంత పొదుపు మనిషి అటు కూడా రాయొచ్చు కదా అనుకున్నాను.

తర్వాత ఆయనతో నేనూ తిరిగాను. కిటికీ పక్క సీటు కోసం చిన్నపిల్లాడిలా తగువుపడేవారు. దారిలో ఎక్కడైనా కొత్తగా తవ్విన బావి మట్టి కనిపిస్తే అక్కడే దిగిపోయేవారు. టికెట్టు కొన్న ఊరిదాకా మేం వెళ్ళింది తక్కువ.

మా అమ్మమ్మగారి పశువుల కొట్టంలో ఒక పిడుగురాయి ఉండేది. నున్నగా, అరచేతిలో ఇమిడేది. పిడుగుతోపాటు ఆకాశం నుంచి పడిందని నమ్మకం. గేదెకి జబ్బు చేస్తే ఆ రాయి కడిగిన నీళ్ళు పట్టించేవారు. అది కొత్తరాతియుగపు గొడ్డలని నాకప్పటికి తెలిసిపోయింది. ఇంకేం, అమ్మమ్మకి చెప్పకుండా సంచీలో వేసుకుని, దాని మీది పసుపూ కుంకుమా సబ్బుతో తోమేసి, తెచ్చి, గొప్పగా ఆ కథంతా చెప్పి మాస్టారి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"రేపు మీ అమ్మమ్మగారి గేదెకేమైనా అయితే ఏం చేస్తారమ్మా ఆవిడ?" అన్నారు. నేను సైన్సు మాట్లాడబోయాను. "నేనూ సైన్సే చెబుతున్నా. నువ్వు తెచ్చింది ఉట్టి రాయి. ఊరూ, కొట్టం, ఆ పసుపూ అక్కడే ఉండిపోయాయి. మనం తెచ్చుకోవాల్సింది సంగతమ్మా. రాయిని వాళ్ళింట్లోనే ఉండనీ."

ఆ మధ్యాహ్నమే రాయితో సహా నన్ను బస్సెక్కించారు. అమ్మమ్మ నన్నేమందో ఇక్కడ రాయను.

డిసర్టేషన్ ఆ కార్డులతోనే రాశాను. గైడుగారు మెచ్చుకున్నారు, ఇదంతా ఎక్కడిదని మాత్రం అడగలేదు. ఇప్పుడు నేను జంగారెడ్డిగూడెంలో పాఠాలు చెబుతున్నాను. మేడమ్, మెటీరియల్ ఎక్కడుందండీ అని మా పిల్లలూ అడుగుతారు. ఆ కార్డులు పోతే నా దగ్గర జవాబు లేదు. నా భయమల్లా అదే.

మాస్టారి భార్యని నేను పిన్నిగారూ అంటాను. పదోరోజున ఆవిడే, ఇంట్లో ఆయన కార్డులు దాచుకునే సొరుగు తీసి చూపించారు. ఒక్క కార్డూ లేదు.

రిటైరయ్యాక రోజుకొకటి చొప్పున, ఏ ఊరి కార్డు ఆ ఊరి బడికి పోస్టు చేసేశారట. రెండోవైపు ఎందుకు ఖాళీగా వదిలారో అప్పుడు తెలిసింది. మొదటి కార్డు రాసిననాడే అడ్రసుకి చోటుంచుకున్నారన్నమాట మహానుభావుడు! తెలిసినా నాకు ఒళ్ళు మండింది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదు, కానీ తెచ్చుకున్నాను. బడిలో కాగితం ఎన్నాళ్ళుంటుంది? చెదలు తింటాయి, లేదా పల్లీల పొట్లమైపోతుంది. నాకిస్తే బీరువాలో పెట్టి తాళం వేసి దాచేదాన్ని కదా అన్నాను.

"దాచేస్తావనే ఇవ్వలేదమ్మా," అన్నారు పిన్నిగారు.

రెండు రోజులు ఆ మాట మింగుడుపడలేదు. మూడోరోజు పంతం కొద్దీ, కార్డు ఉండి ఉండదని నిరూపించడానికే, దగ్గర్లోని ఒక ఊరి బడికి వెళ్ళాను. కార్డు సంగతి అడిగితే హెడ్మాస్టరమ్మగారు వరండా గోడ దగ్గరికి తీసుకెళ్ళారు.

మాస్టారి కార్డు అక్కడ అంటించి ఉంది. అంచులు మాసిపోయాయి గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. దాని కింద ఒక తెల్లకాగితం, దాన్నిండా రకరకాల చేతిరాతలు. పిల్లలే కాదండి, పెద్దవాళ్ళూ వచ్చి రాసిపోతుంటారు అన్నారావిడ. చెరువుగట్టు మీద అలాంటి రాయే ఒకటి దొరికిందట. పామాయిల్ తోటలో పైపులు వేస్తుంటే రెండు. మా అమ్మ ఉప్పు నూరే రాయి కూడా అలాంటిదేనేమో, మాస్టారొచ్చి చూడాలి అని ఎవరో రాశారు. అక్కడ నా కోపం ఎటుపోయిందో తెలియదు. కళ్ళు తుడుచుకుని మిగతాది చదివాను.

మాస్టారి కార్డులో ఉన్నది ఒకే ఒక్క రాయి. కాగితం చాలక దాని కింద ఇంకోటి, దాని కింద మరోటి, అన్నం మెతుకులతో అంటించుకుంటూ నేలదాకా వచ్చేశారు. ఆఖరి కాగితం కింద మెతుకులు ఇంకా తడారలేదు.