తలకు తగిలే పందిరి

లోకంలో ఎవరు ఏం చెప్పినా "వాళ్ళ ఊళ్ళో అలా కాదు" అనడం ఆయనకున్న జబ్బు. వాళ్ళంటే బంధువులు కారు, స్నేహితులూ కారు. ద్రాక్షతీగలు. అల్బరీనో అని, వైన్‌కు పనికొచ్చే తెల్లద్రాక్ష. కొరికితే నాలుక చురుక్కుమంటుంది. పుట్టిందేమో ఎక్కడో సముద్రపు గాలీ సన్నటి వానా వదలని చోట. వచ్చి పడింది ఈయన చేలో, మాడే ఎండలో. ఈయన టౌన్ బస్సు ఆఖరి స్టాపు దాటి ఎరగడు. అయినా ఆ ఊళ్ళో చిన్నప్పుడు గోళీలాడి పెరిగినవాడిలా దాని సంగతులు చెబుతాడు. అందుకే అందరూ ఆయన్ను 'వాళ్ళూరాయన' అంటారు.

ఆ పిలుపు వింటే చాలు, ఆయన భార్యకు ఒళ్ళు మండుతుంది.

"కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది. మా పుట్టింట్లో ఎలా ఉండేదో ఒక్కనాడైనా అడిగారా? ఆ తీగ పుట్టిల్లు మాత్రం కంఠతా వచ్చు!"

"దానికి నోరు లేదు పాపం. నీకుంది" అన్నాడాయన.

ఆ పూట ఆయనకు ఉప్పులేని కూర దొరికింది.

ఆమె మాత్రం తక్కువ మనిషా? పొట్టిగా ఉన్నా పట్టుదలలో కొండ. వెనకటికి ఆ చేలో మామూలు ద్రాక్ష ఉండేది, మోకాలెత్తు ఇనప కంచెతీగల మీద. కోత ఇంకొకరి చేతికివ్వదు. ఒకరోజు వంగిన నడుం మళ్ళీ లేవలేదు. అలా వంగే ఇంటిదాకా నడిచి, "సూది పడిపోయింది, వెతుక్కుంటున్నా" అని దారిపొడుగునా అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. కనికరించి ఓ పెద్దాయన చేలోకి వెళ్ళి చీకటి పడేదాకా సూది వెతికాడు. "నడుం నొప్పా?" అని అడగబోయిన మొగుడికి, "నాకేం? ఉక్కు!" అని జవాబు. మళ్ళీ ఆ మాటెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సరే, అల్బరీనో వచ్చింది. దానితో మర్యాదలూ వచ్చాయి. పొద్దున్నే తోటంతా సన్నటి జల్లు కొడతాడాయన. గాలి మళ్ళితే ఆరేసిన చీరలన్నీ ఆ మర్యాదలో తడిసి ముద్దవుతాయి. అది చాలదని ఒకనాడు ఫోన్‌లో సముద్రపు హోరు పెట్టి తీగల మధ్య దాచాడు. ఆమెకు నీళ్ళ చప్పుడు వినిపించి, ఎక్కడో కొళాయి వదిలేశారనుకుంది. వంటింటి కొళాయి కట్టేసింది, పెరటి కొళాయి కట్టేసింది, అయినా హోరు ఆగకపోతే వెళ్ళి పక్కింటి నీళ్ళ మెయిన్ వాల్వు కూడా బిగించి వచ్చింది. లోపల పక్కింటావిడ తలకు సబ్బు పెట్టుకుని ఉంది. ఆ ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

వీటన్నిటినీ మించింది పందిరి. "వాళ్ళ ఊళ్ళో పందిరి మీదే పాకుతుంది" అని రాతి స్తంభాలు నిలబెట్టి, పైన దూలాలు వేయించాడు. బాగుంది. ఆ ఎత్తేమిటి? ఆయనేమో తాడిచెట్టంత మనిషి. దూలం సరిగ్గా ఆయన నుదుటి దగ్గర ఆగింది. లోపలికి వెళ్తే ఠంగు, బయటికొస్తే ఠంగు. "ఇంకో జానెడు లేపుదాం సార్" అని మేస్త్రీ బతిమాలాడు. "వాళ్ళ ఊళ్ళో ఇంతే ఎత్తు" అని ఆయన బిగుసుకున్నాడు. ఏళ్ళు గడిచేసరికి నుదుటిమీది బొప్పి ఎంత స్థిరపడిందంటే, దానికి కళ్ళజోడు తగిలించుకుని మరిచిపోయేవాడు.

"వాళ్ళ ఊళ్ళో అంతా మరుగుజ్జులేనా?" అంది భార్య.

"పొట్టివాళ్ళైతే ఏం? మంచివాళ్ళు."

ఎండెక్కాక గుత్తి ముట్టుకోకూడదని ఇంకో నియమం. ముట్టుకుంటే పండు అలుగుతుందట.

"మరి నేనలిగితే?"

"అదిగో పీట. నీడలో కూర్చుని అలుగు."

ఇంత చేసినా ఆ తీగ కాసింది అంతంతమాత్రం. కిందటి కోతకు వచ్చిన వైన్ కంపెనీ ఆవిడ నోట్లో పండు వేసుకుని "పులుపు చాలదు" అని వెళ్ళిపోయింది. భార్యకు విసుగు తారస్థాయికి చేరింది. ఈసారీ వద్దంటే పందిరి కూల్చెయ్యడమే, మళ్ళీ మామూలు ద్రాక్షే అని తేల్చి చెప్పింది. ఆమె తమ్ముడు కంచెతీగల చుట్టలు వ్యాన్‌లో వేసుకొచ్చి గేటు దగ్గర సిద్ధంగా నిలబెట్టాడు.

వాళ్ళూరాయన ఆ పొద్దంతా పందిట్లోనే తిరిగాడు. దూలం ఠంగుమన్నా "అబ్బా" అనలేదు.

కంపెనీ ఆవిడ వచ్చింది. పండు కొరికింది. ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది.

"అబ్బ! ఇదీ పులుపంటే. మొత్తం మేమే తీసుకుంటాం" అంది. ఆయన ఊపిరి పీల్చుకునేలోపే పైకి చూసి, "అయితే ఈ పందిరి దేనికండీ? అక్కడ నేల చెమ్మ, అందుకని గాలాడేలా పైకెక్కిస్తారు. ఇక్కడ చెమ్మేది? కింద కంచెమీదే కాస్తుంది" అంది.

"విన్నావా బావా! అక్కా, కూల్చేద్దామా?" తమ్ముడు చేతులు రుద్దుకున్నాడు.

"పైగా ఇంత కురచగానా? అక్కడ పందిళ్ళ కింద నేను హాయిగా నడిచాను. ఎవరండీ ఈ కొలత ఇచ్చింది?"

వాళ్ళూరాయన బొప్పి తడుముకున్నాడు. "వాళ్ళ ఊళ్ళో..." అని నసిగాడు.

ఆ మాటకు కోపమొచ్చి, ఏదో ఒకటి తెంపాలనిపించి భార్య చెయ్యెత్తి ఒక గుత్తి కోసింది. కోసి ఆగింది. ఇన్ని కోతల్లోనూ విసుగులో ఇది గమనించనేలేదు. మడమ లేవలేదు. నడుం వంగలేదు. గుత్తి తనంతట తానే అరచేతిలో వాలింది. పక్క గుత్తి పట్టుకుంది. అదీ అంతే. ఆ చివరిదాకా చూసింది. అన్నీ తన చేతికందే ఎత్తులోనే వేలాడుతున్నాయి. పక్కనే నీడలో పీట. తర్వాత మొగుడి నుదుటి మీది బొప్పి వైపు చూసింది.

"అసలు అక్కడ ఎత్తు ఎంతంటే..." అని కంపెనీ ఆవిడ మొదలుపెట్టింది.

"ఇంతేనండీ" అంది భార్య. "వాళ్ళ ఊళ్ళో సరిగ్గా ఇంతే ఎత్తు. మీరు సరిగ్గా చూసుండరు."

"అదేంటక్కా, మరి పందిరి..."

"దాని మీద చెయ్యి వేశావంటే, ఒరేయ్, నీ వీపు చీరేస్తాను. ముందు ఆ వ్యాను తియ్యి."

మర్నాడు పొద్దున వాళ్ళూరాయన పందిట్లోకి అడుగుపెట్టాడు. అలవాటు కొద్దీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఠంగు వినబడలేదు. మెత్తగా ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా దూలాలకు ఇంట్లోని దిండ్లన్నీ కట్టి ఉన్నాయి.

"ఇదేమిటే?"

ఆమె వెనక్కి తిరగకుండా గుత్తి కోసి బుట్టలో వేసుకుంది.

"వాళ్ళ ఊళ్ళో అంతేనట."