కండెల సిద్ధయ్య బిడ్డ

"ఏమే, నువ్వేనా ఆ కంప్యూటరామెవు?"

ప్రవీణ ల్యాబు మెట్ల ముందు స్కూటీ ఆపి హెల్మెట్ తీస్తుండగానే దుర్గవ్వ ఎదురొచ్చింది. నారాయణరావుపేట నుంచి రెండు రోజులుగా మొదటి బస్సుకు పరిగడుపున వస్తున్న మనిషి. రెండు మోచేతుల మడతల్లోనూ దూది అతికించి ఉంది.

"నిన్న ఈ చెయ్యి పొడిసిన్రు. ఇయ్యాల ఈ చెయ్యి. ఏందయ్యా అని అడిగితే నువ్వు నా రిపోర్టు మాయం జేసినవట. నా నెత్తురేమన్న బోరింగు నీళ్లా, కొట్టినప్పుడల్ల వచ్చెటందుకు?"

బెంచీల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ప్రవీణ మీద ఉన్న కోపానికి దుర్గవ్వ నోరు ఇచ్చినందుకు నవ్విన నవ్వు అది. వాళ్లలో సగం మందికి రెండోసారి సూది పడింది.

"నేను తియ్యలేదవ్వా," అంది ప్రవీణ.

"మరి దయ్యం తీసిందా?"

ఒక రకంగా అట్లాగే జరిగింది. నిన్న పదకొండు దాటాక కౌంటరు కిటికీ వెనక గదిలో వనజ రశీదు చింపుతోంది. చెయ్యి మౌసు మీద లేదు. తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. రిపోర్టుల ఫోల్డరు తెరుచుకుంది. అన్నీ ఒక్కసారే నీలంగా మెరిసి మాయమయ్యాయి. వనజ కేక విని ల్యాబు యజమాని గజేందర్ లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి చెత్తబుట్ట కూడా ఖాళీ. నలభై రెండు మంది రిపోర్టులు. వాటికి నకలు తీసేందుకు ప్రవీణ పెట్టిన డిస్కు వైరును వనజ ఎప్పుడో పీకి, ఆ జాగలో తన ఫోను ఛార్జింగు పెట్టుకుంది.

ల్యాబు యజమాని గజేందర్‌కు నేరస్తులను వెతకాల్సిన అవసరం కనిపించలేదు. సిద్దిపేట ల్యాబుల వాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే రాశాడు: 'కంప్యూటర్ సర్వీసు ప్రవీణతో జాగ్రత్త. మా సిస్టంలో దూరి రిపోర్టులు తీసేసింది.' తెల్లారేసరికి ఇద్దరు ఫోన్ చేశారు. ఒకాయన మర్యాదగానే చెప్పాడు, కొన్నాళ్లు రావొద్దని. ఇంకొకాయన అదే ముక్క అని, ఆమె నోరు తెరవకముందే పెట్టేశాడు.

ప్రవీణకు నలభై దగ్గర పడుతున్నాయి. పదిహేనేళ్లుగా ఇదే పని. సిద్దిపేటలో ఆమె మూత విప్పని ప్రింటరు తక్కువ. సంచిలో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే కుంచె, వైర్లకు మూతులు బిగించే పట్టకారు. ఆమె పనికి సైన్‌బోర్డు లేదు. ఒకరు ఇంకొకరికి చెప్తే వచ్చే పని. అదే నోటితో ఇంకో మాట చెప్తే పోయే పని.

గజేందర్ ల్యాబుకు చేర్యాలలో చిన్న సెంటరు ఉంది. అక్కడ రక్తం తీసి సీసాలు బస్సులో సిద్దిపేటకు పంపుతారు. రిపోర్టులు సిద్దిపేట కంప్యూటర్లో తయారవుతాయి. చేర్యాలలో కూర్చునే శ్వేత నెట్టు ద్వారా ఈ కంప్యూటరును తన తెర మీద తెరుచుకొని, రిపోర్టు చూసి, అక్కడే ప్రింటు తీసి ఇస్తుంది. ఆ దారి వేసింది ప్రవీణ. మొదట్లో అది రోజుకు రెండుసార్లు తెగేది. అన్నం తినేవేళ ఇక్కడి కంప్యూటరు నిద్రపోయేది. నిద్రపోకుండా పెట్టింది. ఊడ్చేటప్పుడు నెట్టు డబ్బా స్విచ్చి ఆర్పేసేవాళ్లు. స్విచ్చికి అట్టముక్క కట్టింది. తెగిన ప్రతిసారీ కారణం దొరికింది, సరి చేసింది.

ఒక్కటే ఆమె చేతిలో లేనిది. శ్వేతకు ఈ కంప్యూటరు నంబరూ పాస్‌వర్డూ గుర్తుండేవి కావు. రోజూ ఫోన్ చేసి అడిగేది. వనజ రోజూ చదివేది. చివరకు గజేందరే రెండూ ఒక కాగితం ముక్క మీద మార్కరుతో పెద్దగా రాసి మానిటరు నుదుట అతికించాడు. ప్రవీణ మూడుసార్లు చింపింది. మూడుసార్లూ మళ్లీ అతికింది. పాస్‌వర్డు మారుద్దామంటే ససేమిరా అన్నాడు. కొమురెల్లి మల్లన్న పేరు మీద పెట్టుకున్నది, మారిస్తే కలిసిరాదు. అప్పుడే ఆమె అంది, "ఇట్లనే ఉంటే ఒకనాడు మునుగుతరు సార్."

ఆ మాట ఇప్పుడు పనికొచ్చింది.

"నువ్వే అన్నవు గద, ఒకనాడు మునుగుతరని," అన్నాడు గజేందర్, ఆమె లోపలికి రాగానే. "అన్నవు. ముంచినవు."

"నాకు అర్ధగంట ఇయ్యున్రి సార్. ఎవ్వలు వచ్చి పోయిన్రో ఈ కంప్యూటర్లనే రాసుంటది."

"రిమోటు నీ దగ్గర ఉన్నది, శ్వేత దగ్గర ఉన్నది. శ్వేత నా అక్క బిడ్డ. ఇగ మిగిలింది ఎవ్వలు? లెక్క రాదా నాకు?"

అయినా అర్ధగంట ఇచ్చాడు. వనజను పక్కన కూర్చోబెట్టి ఇచ్చాడు.

"నీ చేతుల దిక్కే చూస్తుండుమన్నడక్కా," అంది వనజ, చూపు తప్పించి.

"చూడు. పని నేర్చుకుంటవు."

బయటి నుంచి కంప్యూటరులోకి వచ్చినవాళ్ల పట్టిక తెరిచింది. చేర్యాల నంబరు రోజూ ఉంది. తన నంబరు నెలకు ఒకటి రెండుసార్లు ఉంది. ఇవి కాక మూడోది ఒకటి. ఎనిమిదిసార్లు వచ్చింది. నిన్నటిది ఎనిమిదోది. మొదటిసారి వచ్చింది దసరా పోయిన సోమవారం. అంతకు ముందు దాని జాడ లేదు. తప్పు పాస్‌వర్డు కొట్టిన గుర్తు కూడా ఒక్కటీ లేదు. వచ్చినవాడు తాళంచెవి పట్టుకొనే వచ్చాడు.

"ఈ నంబరు నాది కాదు సార్."

గజేందర్ తెర వైపు వంగి చూడనైనా చూడలేదు. "నీ ఇంట్ల ఇంకో కంప్యూటరు ఉండదా?"

"వచ్చి చూడున్రి."

"దొంగసామాను ఎవ్వలన్న ఇంట్ల పెట్టుకుంటరా? ఈ గదిలకు బయటోళ్లు రారు. కాయిదం చూసేది మేం నలుగురం. బయటిదానివి నువ్వొక్కదానివి." కొంచెం ఆగాడు. "ఊకెనే అంటరా మీ నాయినను కండెల సిద్ధయ్య అని?"

వనజ తల దించుకుంది. బయట బెంచీల మీద మాటలు ఆగాయి. తలుపు తెరిచే ఉంది.

"పొద్దుమీకెవరకు పాస్‌వర్డులన్ని రాసిచ్చి పో," అన్నాడు గజేందర్. "ఆడమనిషివని పోలీసుల దాకా పోతలేను."

"పోన్రి సార్. మీరు పోకుంటే నేనే పోత."

సిద్ధయ్య భివండిలో మరమగ్గాల సాంచెల మీద పని చేసి వచ్చినవాడు. ముప్పై ఏళ్ల కింద ఒక సంచి కండెలు కనబడకుండా పోతే, నూలు చుట్టిన ఆ కండెలు ఇతనే అమ్ముకున్నాడని సేటు నలుగురిలో అన్నాడు. సిద్ధయ్య మారు మాట్లాడలేదు. ఆ పూటే బిస్తరు కట్టి రైలెక్కాడు. సంచి తర్వాత వారం రోజులకు ఇంకో గోదాములో దొరికిందట. దొరికిన సంగతి సిద్దిపేట దాకా రాలేదు. పోయిన సంగతి మాత్రం అతని కంటే ముందే వచ్చి కూర్చుంది. బడిలో ప్రవీణను కండెల పిల్ల అనేవారు. ఎందుకంటారో ఆమెకు పదేళ్లు వచ్చాక తెలిసింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చొని జరిగింది చెప్పింది. సిద్ధయ్య విని, చారు పోసుకుని, చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

"ఇడిసిపెట్టు బిడ్డా. వాని నోట్లె నోరు పెట్టి గెలుస్తమా? నేనట్లనే ఇడిసిపెట్టి వస్తి."

"అందుకే గద బాపు, ఇంక నిన్ను గా పేరుతోనే పిలుస్తనే ఉన్నరు."

అన్నాక ఆమెకు తెలిసింది ఏమందో. సిద్ధయ్య కంచంలోంచి తల ఎత్తలేదు. ఆమె చెయ్యి కడుక్కొని బయటికి నడిచింది.

దసరా పోయిన సోమవారం. స్కూటీ మీద ల్యాబుకు తిరిగి వెళ్తూ అదొక్కటే అనుకుంటోంది. దసరాకు, సోమవారానికి మధ్య ఏమైంది? పాత బస్టాండు దగ్గర ఒక బస్సు వెనక్కి తీసుకుంటుంటే బండి ఆపాల్సి వచ్చింది. ఎదురుగా, కరెంటు స్తంభానికీ హోటలు పిట్టగోడకూ మధ్య గజేందర్ నిలబడి ఉన్నాడు, పది అడుగుల ఎత్తున.

దసరా శుభాకాంక్షల ఫ్లెక్సీ అది. ఆయుధపూజనాడు కంప్యూటరు పక్కన తీసిన ఫొటో. మూడు వారాలుగా ప్రవీణ రోజూ దాని కిందుగానే పోతోంది. గజేందర్‌ను ల్యాబులో చూసేది చాలదా అని ఎప్పుడూ తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తింది.

తెల్లచొక్కా, నుదుట పొడుగు బొట్టు. ఒక చెయ్యి మానిటరు మీద, బిడ్డ తల నిమిరినట్టు. మానిటరుకు బంతిపూల దండ, నాలుగు మూలలా పసుపు కుంకుమ. దండ పైన, నుదుట, కాగితం ముక్క. దాని మీద తొమ్మిది అంకెల నంబరు. దాని కింద ఇంగ్లీషులో మల్లన్న పేరు, పక్కనే ఒకటి, రెండు, మూడు. ఒక్కో అక్షరం జానెడుంది. ఎండకు గజేందర్ ముఖం వెలిసిపోయింది. మార్కరు రాత వెలవలేదు.

బస్సు వెళ్లిపోయింది. వెనక ఆటోవాడు హారను కొట్టి, "ఏమక్కా, నీ ఇంటాయననా?" అని అరిచాడు. ప్రవీణ బండి పక్కకు తీసి ఫొటో తీసుకుంది. ఫ్లెక్సీ పైమూలన రాసి ఉన్న కట్టిన తేదీ చూసుకుంది. పండుగ దాటాక శనివారం ఎక్కించారు. సోమవారం వాడు వచ్చాడు.

ల్యాబులోకి వెళ్లి ఫోను గజేందర్ ముందు పెట్టింది. అతను ముందు తన ముఖం చూసుకున్నాడు. ఆమె రెండు వేళ్లతో కాగితం ముక్కను పెద్దది చేసింది.

చాలాసేపు పట్టింది. అతని మెడ ఎర్రబడింది.

"వాడెవ్వడో సైబరు పోలీసులు చెప్పాలె," అంది ప్రవీణ. "తాళంచెవి ఎవ్వలిచ్చిన్రో మాత్రం ఊరంత కనబడుతుంది."

"ముందు ఫ్లెక్సీ పీకిస్త." ఫోను తీశాడు.

"ముందు తలుపు పెట్టాలె. లేవున్రి."

గజేందర్ కుర్చీలోంచి లేచాడు. ఆమె కూర్చుంది. మూడు వారాల రాకపోకల పట్టికను ఫిర్యాదు కోసం తన డిస్కులోకి తీసుకుంది. నెట్టు పీకింది. మల్లన్న పాస్‌వర్డు తీసేసి చాంతాడంత కొత్తది పెట్టింది. చేర్యాల కంప్యూటరు ఒక్కటి తప్ప ఏదీ లోపలికి రాకుండా కట్టింది. వచ్చినా ప్రతిసారీ ఆరంకెల కోడు అడిగేట్టు, ఆ కోడు గజేందర్ ఫోనులోనే కనబడేట్టు పెట్టింది. పరాయి చేతులు పెట్టిపోయినవేమైనా ఉన్నాయా అని గంటసేపు వెతికింది. తన నంబరును కూడా జాబితాలోంచి కొట్టేసింది. మానిటరు మీది కాగితాన్ని గోటితో గీకి తీసింది. ఫోను ఛార్జరు పీకి వనజ చేతికిచ్చి, డిస్కు వైరు పెట్టింది. నెట్టు మళ్లీ కలిపింది.

"అయిపోయింది సార్. ఇప్పుడు ఆ ఫొటో ఎవ్వలు చూసినా ఏం గాదు. గ్రూపుల ఉన్నోళ్లకు పంపుతున్న."

"ఆగు!" మేజా మీద ఉన్న ఆమె ఫోను మీదికి అతని చెయ్యి వచ్చింది. ఆమె తీసుకుంది. "నవ్వులపాలు జేస్తవా నన్ను?"

"అయితే మీరే రాయున్రి. నా పేరు ఏడ రాసిన్రో ఆడనే."

గజేందర్ పళ్లు కొరుకుతూ రాశాడు. చూపించాడు: 'సాంకేతిక కారణాల వల్ల జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాము.'

"గిది కరెంటు పోయినప్పుడు పంపే మెసేజి."

మళ్లీ రాశాడు: 'ప్రవీణపై అపార్థం తొలగిపోయింది.'

"అపార్థం ఎవ్వలకయ్యింది? నా మీద రాసినప్పుడు మీ పేరు మీద రాసిన్రు. గిది ఎవ్వల పేరు మీద లేదు."

"నీకు నెత్తికెక్కింది."

"ఎక్కింది. రాయున్రి."

మూడోసారి చాలాసేపు రాసి, ఆమెకు చూపించకుండానే పంపేశాడు. ఆమె ఆ గ్రూపులో లేదు. వనజ తన ఫోనులో తెరిచి, గొంతు తగ్గించి చదివింది: 'మా కంప్యూటర్ పాస్‌వర్డు మా ఫ్లెక్సీ మీదనే పడింది. ప్రవీణ తప్పు లేదు. నేను రాసింది తప్పు. గజేందర్.' చదువుతుండగానే కింద నవ్వు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైంది. గజేందర్ ఫోను మేజా మీద బోర్లా పెట్టాడు. అది అట్లాగే గరగరమంటోంది.

"సల్లబడ్డదా కడుపు?" అన్నాడు.

"గ్రూపుల దుర్గవ్వ లేదు సార్."

అతను ఆమె వైపు చూసిన చూపుకు వనజ కుర్చీ వెనక్కి జరుపుకుంది. ప్రవీణ కదల్లేదు. ఫొటో ఇంకా ఆమె ఫోనులోనే ఉంది. గజేందర్ తలుపు దాకా వెళ్లి, గడప లోపలే నిలబడి, బయట బెంచీల వైపు ఏదో గొణిగాడు.

రెండో రిపోర్టు కోసం పొద్దుటి నుంచి కూర్చున్న దుర్గవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏందీ? గట్టిగ చెప్పు. నాకు ఇనరాదు."

"గీమె తప్పు కాదంటున్న!"

"మరి ఎవ్వల తప్పు?"

బెంచీలన్నీ చూస్తున్నాయి. రక్తం తీసే గది తలుపు కూడా కొంచెం తెరుచుకుంది.

"మాదే."

"అట్ల చెప్పు," అంది దుర్గవ్వ. "అయితే రెండోసారి నా నెత్తురు నువ్వు తాగినట్టు." ఈసారి బెంచీల మీది నవ్వు ప్రవీణను చూసి కాదు. దుర్గవ్వ ఆమె వైపు తిరిగింది గానీ పొద్దుటి మాటకు ఏమీ అనలేదు. దూది ఊడబెరికి కొంగున కట్టుకుంది.

ప్రవీణ సంచిలోంచి అతికించిన కవరు ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. "పాస్‌వర్డులన్ని గీ కవర్ల ఉన్నయి. ముట్టినయని సంతకం పెట్టున్రి. రేపటి నుంచి ఇంకొకలను చూసుకోన్రి."

"పొమ్మన్ననా నేను?" అన్నాడు గజేందర్.

"పొద్దున అన్నరు."

అతను సంతకం పెట్టాడు. కలం కాగితాన్ని చింపినంత పని చేసింది. ఆమె ఆ ముక్క మడిచి సంచిలో వేసుకుంది. బాపుకు చదవడం రాదు. అయినా గ్రూపులోది వనజ చేత తన ఫోనుకు పంపించుకుంది.

మెట్లు దిగుతుంటే లోపల ఫోను మోగింది. చేర్యాల నుంచి శ్వేత. ఏదో కోడు అడుగుతోందట, లోపలికి పోనిస్తలేదట.

"ఆగు, చెప్త, రాసుకో," అని గజేందర్ గొంతు బయట రోడ్డు దాకా వినబడింది. "నాలుగు... సున్న... తొమ్మిది... ఇనబడుతుందా? తొమ్మిది!" బెంచీల మీదున్న వాళ్లందరూ వింటున్నారు. "వనజా, గీ నంబరు ఒక కాయిదం మీద రాసి పెట్టు."

ప్రవీణ హెల్మెట్ పట్టుకొని ఒక్క క్షణం ఆగింది. అర నిమిషంలో ఆ అంకెలు మారిపోతాయి. ఆ సంగతి వాళ్లకే తెలుస్తుంది. బండి స్టార్టు చేసింది.