మనోళ్ల వకీలమ్మ

గుజరాత్‌లోని అమ్రోలిలో అనురాధ వకీలమ్మను ఎరగని తెలుగువాడు లేడు. ఆమెకు కేసిచ్చిన తెలుగువాడూ లేడు! మగ్గాల మిల్లులో పనిచేసే రాజలింగం కూతురు లా చదివిందని పేటంతా మురిసిపోయింది. మురిపెంతో ఆఫీసు నడుస్తుందా?

"ముందు మీవాళ్లను పట్టుకో, ప్రాక్టీసు దానంతటదే పెరుగుతుంది" అన్నాడు ఆమెకు పని నేర్పిన సీనియరు వకీలు. పట్టుకుంది పాపం. పన్నెండేళ్లుగా పిలిచిన ప్రతి పెళ్లికీ వెళ్లింది, పిలవని పురుళ్లకూ వెళ్లింది. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయే రైళ్ల కోసం మూడువందల మందికి ఫారాలు నింపింది. అందరూ చేతులెత్తి దండాలు పెట్టారు. తిరిగొచ్చాక కోర్టుకెక్కాల్సిన ప్రతివాడూ గుజరాతీ వకీలు దగ్గరికే పోయాడు. ఒళ్లు మండదూ?

"ఏందత్తా, మీ కొడుకు కేసు వేరేటోళ్లకిచ్చినవట?" అని పక్కింటి నర్సవ్వను నిలదీసింది.

"నువ్వు మన పిల్లవు గదనే, నీకెందుకు తకలీఫ్?"

తకలీఫట! దసరాకల్లా ఒక్క కేసు రాకపోతే నల్లకోటు విప్పేసి, రింగ్ రోడ్‌లో చీరల సేఠ్ దగ్గర ఉద్యోగానికి చేరడమే అనుకుంది.

అది రెండువేల ఇరవై ఒకటి జూలై. కోర్టు ఇంకా ఫోన్లలోనే నడుస్తోంది. సీనియరు తరఫున వాయిదా అడగడానికి లేబర్ కోర్టు విచారణలో చేరి, తన వంతు కోసం చూస్తోంది. తెరమీద ఇంకో గడిలో ఎవరో గుజరాతీ వకీలు. ఆయన పక్కన, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నది సాక్షాత్తూ తన తండ్రి రాజలింగం!

వాదనలో అంతా బయటపడింది. నిరుడు మగ్గాల పని చూసే మాస్టరు మీద చేయి చేసుకున్నాడని మిల్లువాళ్లు తీసేశారట. ఇంకో మిల్లులో చేరి, ఇంట్లో చెప్పకుండా కేసు వేశాడట.

సాయంత్రం తండ్రి గడప దాటగానే విరుచుకుపడింది. "కన్నబిడ్డ వకీలుండంగ పరాయోని దగ్గరికి పోతవా బాపూ? నేను పనికిరానా?"

"గట్లంటవేంది బిడ్డా. నువ్వు దమ్మున్న వకీలువే. గని నీకు చెప్తే మీ అమ్మకు తెలుస్తది, నీ మెట్లెక్కితే గల్లీ అంత చూస్తది. గాయన ఎవడో, నేనెవడో. సిగ్గిడిసి అంత చెప్పుకోవచ్చు."

అనురాధకు ఏడుపొచ్చింది. పన్నెండేళ్లు పెళ్లిళ్ల చుట్టూ తిరిగి సంపాదించింది ఇదా! అందరికీ అంత దగ్గరైంది కాబట్టే ఆమె ముందు ఎవరికీ నోరు పెగలడం లేదు.

దసరాకు అమ్రోలి ఆఫీసు ఖాళీ చేసింది. సేఠ్ దగ్గరికి మాత్రం పోలేదు. దూరాన కామ్‌రేజ్‌లో, మనవాళ్ల మొహం ఒక్కటీ కనబడని సందులో గది తీసుకుంది. పెళ్లి పిలుపులొస్తే కరోనా అని తప్పించుకుంది.

నాలుగోరోజున ముత్యం వచ్చాడు. అమ్రోలిలో ఎదురింటివాడే, చిన్నప్పుడు ఈమెను చంకనేసుకుని తిప్పినవాడే. రెండు ఆటోలు మారి, మాస్కు కళ్లదాకా లాక్కుని వచ్చి, గుమ్మంలో నేల చూస్తూ నిలబడ్డాడు.

"ముత్యం కాకా" అనబోయి నాలుక కరుచుకుంది. కాగితం ముందుకు లాక్కుని, "కూర్చోండి. మీ పేరు?" అంది.