హుసేన్ సాబు బ్యాండు కోసం మడకశిర దాకా

పొద్దున ఐదున్నరకు తాడిపత్రిలో అనంతపురం బస్సెక్కినాను. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో ఒక జత బట్టలు, మా ఆడమనిషి మార్తమ్మ కట్టిచ్చిన సద్ది, ఒక పెద్ద సీసా నిండా నీళ్లు. వానలు సరిగ్గా పడక అది మూడో యేడు. ఇటువైపు ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఏది మరిచినా నీళ్లు మాత్రం మరవకూడదు.

నేను పోతున్నది మడకశిరకు. ఆడ పరస అనే పశువుల సంత ముగిసే దినం సాయంత్రం హైస్కూలు మైదానంలో హుసేన్ సాబు బ్యాండు ఉంటుందని, గొర్రెలు కొనడానికి పోయివచ్చిన మా వీధి మనిషి చెప్పినాడు. హుసేన్ సాబుది హిందూపురం. తొమ్మిది మంది మేళం, ఆయనది క్లారినెట్. పామిడిలో నా పెండ్లికి వాయించింది ఆయన బ్యాండే. చర్చి నుంచి ఇంటిదాకా ఊరేగింపులో నేను పెండ్లికూతురి వైపు ఒక్కసారి కూడా చూడలేదని, చూపంతా ఆ క్లారినెట్ మీదే ఉండిందని మార్తమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఆ తర్వాత గుత్తిలో, కదిరిలో, ధర్మవరంలో, ఆయన యాడ వాయిస్తున్నాడని తెలిసినా సెలవు పెట్టి పోయేవాణ్ణి.

ఈసారి పోవడానికి కారణం వేరే ఉండింది. అది ఇంట్లో చెప్పలేదు.

రెండేండ్ల కిందట నాకు క్షయ వచ్చింది. తొమ్మిది నెలలు ఆస్పత్రిలో ఉండి, దినానికొక సూదిమందు వేయించుకుని బతికి బయటపడినాను. ఊపిరితిత్తులు బాగైనాయి. ఆ మందు చెవుల మీద పని చేస్తుందని తర్వాత తెలిసింది. మొదట పిచ్చుకల అరుపు పోయింది. తర్వాత సైకిలు గంట పోయింది. నేను పోస్టాఫీసులో తంతి గుమాస్తాను. యంత్రం టక్కు టక్కుమని కొట్టే దెబ్బలు విని, వాటిని అక్షరాలుగా కాయితం మీద పెట్టడమే నా ఉద్యోగం. దెబ్బ గట్టిగా వినపడాలని యంత్రానికి ఆనించి ఖాళీ సిగరెట్టు డబ్బా ఒకటి పెట్టుకున్నాను. అట్ల చాలామంది చేస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పోయిన నెల ఒక తంతి రాసుకుని, ఎందుకో మనసొప్పక అవతలివాణ్ణి మళ్లీ కొట్టమన్నాను. నేను 'మదర్ సీరియస్' అని రాసుకున్నది నిజానికి 'బ్రదర్ సీరియస్'. ఆ కాయితం అట్లే పోయింటే ఒక ఇంట్లో బాగున్న మనిషి కోసం ఏడ్చింటారు. ఆ పూట ఇంక కలం పట్టుకోలేకపోయినాను.

అనంతపురంలో డాక్టరు చెవులు చూసి, "పోయింది తిరిగిరాదు. ఉన్నదన్నా నిలుస్తాదని నేను చెప్పలేను" అన్నాడు. ఉన్నది కూడా పోకముందే హుసేన్ సాబును ఒక్కసారి వినాలని అప్పుడే అనుకున్నాను. పోయి కూర్చున్నాక వినపడకపోతే ఎట్ల అన్న భయం కూడా అప్పుడే పట్టుకుంది.

బస్సులో నా పక్కన కంబళి కప్పుకున్న ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎల్లనూరు పక్క గొర్రెలోళ్లట. బస్సు మోతలో ఎవరి మాటా ఎవరికీ సరిగ్గా అందదు కాబట్టి నాకు బస్సంటే కొంచెం ధైర్యం. ఆయన ఏదో చెప్తూ పోయినాడు. నేను తలూపుతూ, ఆయన ఆగిన చోటల్లా నవ్వుతూ పోయినాను. ఉన్నట్టుండి ఆయన మాట ఆపి నన్నే చూసినాడు. ముందు సీటులోని ఆడమనిషి వెనక్కి తిరిగి, నా మొగానికి మొగం పెట్టి అనింది.

"కూతురు కాన్పులో సచ్చిపోయిందని చెప్తాంటే నగుతాండావేమప్పా?"

"తప్పయింది పెద్దాయనా. బస్సు మోతలో వినపళ్లేదు" అన్నాను. ఆయన కంబళి సర్దుకుని కిటికీ వైపు తిరిగినాడు. నేను సద్ది మూట విప్పలేకపోయినాను.

ఎనిమిదిన్నరకు అనంతపురం చేరినాము. హిందూపురం పోయే రైలు పదింబావుకు. మూడో తరగతి టిక్కెట్టు తీసుకుని, అందరూ పోతున్నట్టే నేనూ పట్టాలు దాటి అవతలికి పోదామని దిగినాను. రెండో పట్టా మీద కాలు పెట్టినానో లేదో, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగి కింద పడేసినారు. పడిన చోటు నుంచి చూస్తే, నేను నిలబడిన జాగా మీదుగా ఒక ఇంజను వెనక్కి నడుచుకుంటూ పోతాండాది. లాగినవాడు స్టేషను కూలీ. వాని మొగం చెమటతో తడిసిపోయింది.

"చెవుడా నీకు? అంతసేపటి నుంచి కూత పెడ్తాండాది గదప్పా."

ఆ మాట నన్ను ఒకరు అడగడం అదే మొదలు. "లేదన్నా, ఏదో ఆలోచనలో ఉండినా" అన్నాను.

"ఆలోచన ఇంటికాడ పెట్టుకో. ఈడ గాదు."

పోయి ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నాను. స్టేషనంతా విన్న కూత అది. నాకు దాని జాడ కూడా తెలియలేదు. తిరిగి ఇంటికి పోదామా అని రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చున్నాను. ఇప్పుడు పోతే ఇంక ఎప్పటికీ పోనని తెలుసు. రైలు వస్తే ఎక్కినాను.

రైల్లో నా భయమంతా స్టేషను దాటిపోతుందేమోనని. ఎవరన్నా పేరు అరిస్తే నాకు తెలియదు. అందుకని కిటికీ దగ్గర కూర్చుని ప్రతి స్టేషను బోర్డూ చదువుకుంటూ పోయినాను. ధర్మవరంలో ఎక్కువసేపు ఆగింది. చెరువులన్నీ నెర్రెలు విచ్చి ఉన్నాయి. పెనుకొండ దాటినంక ఎండ బొగ్గుల మీద నుంచి వచ్చినట్టు వచ్చింది. ఒంటిగంటన్నరకు హిందూపురంలో దిగినాను.

స్టేషను ముందర ఒక హోటల్లో సంగటి, వేరుశనగ ఊరిబిండి పెడతారు. రుచిగా ఉంటాయి, పోయేవాళ్లు తినవచ్చు. వడ్డించే ఆయన నన్ను ఏదో అడిగినాడు. ఆ ఊర్లో కన్నడం ఎక్కువ కాబట్టి నాకు మంచి సాకు దొరికిందనుకుని, "నాకు కన్నడం రాదన్నా" అన్నాను.

ఆయన గరిటె పట్టుకుని నిలబడిపోయినాడు. "నేను మాట్లాడింది తెలుగే గదప్పా" అన్నాడు.

తల వంచుకుని ముద్ద మింగి, దుడ్లు బల్ల మీద పెట్టి బయటపడినాను.

రెండున్నర బస్సుకు మడకశిర చేరేసరికి నాలుగైంది. పరస మొగదాల కలరా సూది వేస్తున్నారు. అది వేయించుకోకపోతే లోపలికి వదలరు. వరసలో నిలబడినాను గానీ, నా వంతు వచ్చి ఆ సూది చూసేసరికి చెయ్యి ముందుకు రాలేదు.

"దీంతో చెవులు పోతాయా?" అని అడిగినాను.

సూది వేసే ఆయన చాలామందిని చూసి అలిసిపోయి ఉన్నాడు. ఆయన పెదవుల కదలికను బట్టి తెలుసుకున్నాను: "భుజం నొస్తాది, అంతే. చెవులకేమప్పా సంబంధం?" కండ్లు మూసుకుని వేయించుకున్నాను.

ఐదు గంటలకు మైదానం నిండింది. గొర్రెలను ఒక పక్కకు తోలి, బండ్లను గుండ్రంగా విడిచి, జనం వాటి మీదా కిందా కూర్చున్నారు. నేను ముందే పోయి మేళానికి ఎనిమిది అడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాను. మేళం వాళ్ల ఎర్రకోట్లు వెలిసిపోయినాయి. హుసేన్ సాబు గడ్డం పూర్తిగా నెరిసింది. ఆయన తల ఆడిస్తూనే పెద్ద డోలు మోగింది. ఆ దెబ్బ నా పక్కటెముకల్లో తగిలింది. పెద్ద బాకా వినపడింది. చిన్న డోలు కొంచెం వినపడింది. క్లారినెట్ కింది స్థాయిలో ఎత్తుకుంటే, అది కూడా వినపడింది. ఊపిరి వదిలినాను. డాక్టరు ఊరికే బెదిరించినాడనుకున్నాను.

అప్పుడు ఆయన పైకి పోయినాడు. హుసేన్ సాబు పేరంతా అక్కడే. ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పోయి, చివర ఒక సన్నని స్వరం మీద ఊపిరి బిగబట్టి నిలుస్తాడు. ఆయన వేళ్లు కదులుతున్నాయి. బుగ్గలు పొంగినాయి. మెడనరాలు తేలినాయి. నాకు మాత్రం డోలు తప్ప ఏమీ లేదు. తాళాలు కొట్టేవాడు రెండు చేతులూ చాచి కొడుతున్నాడు, ఇత్తడి మీద ఎండ మెరుస్తాండాది, చప్పుడు లేదు. చుట్టూ చూసినాను. బండ్ల మీద ఉన్నవాళ్లంతా ఒకేసారి తలలెత్తినారు. నా పక్కనున్న ముసలామె చేత్తో గుండె పట్టుకునింది. అంతమంది మధ్యలో నన్నొక్కణ్ణే ఎవరో గాజుసీసాలో పెట్టి బిరడా వేసినట్టైంది. అనంతపురంలో ఇంజను కింద పడబోయినప్పటి కంటే అప్పుడు ఎక్కువ భయమైంది. లేచి నిలబడితే నేల ఒక పక్కకు ఒరిగింది. ఎవరి భుజమో పట్టుకుని, తూలుతూ బయటికి వచ్చి, ఒక బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. మిగతా కచేరీ అంతా అట్లే కూర్చుని నేల అదరడం విన్నాను.

పొద్దు కుంకే ముందర మేళం ఆపినారు. జనం సర్దుకున్నాక, టీ అంగడి దగ్గర హుసేన్ సాబు ఒక్కడే కూర్చుని క్లారినెట్‌ను గుడ్డతో తుడుచుకుంటున్నాడు. పోయి సలాం చేసినాను.

"నేను తాడిపత్రి నుంచి వచ్చినా. నా పెండ్లికి మీరే వాయించినారు" అన్నాను.

"సంతోషం. ఎట్లుండె ఈ పొద్దు?"

బాగుందని చెప్పి రావచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఆయన ఎదురుగా అబద్ధం రాలేదు. "వినపళ్లేదు సాబూ. మీరు పైకి పోయినప్పుడు నాకేమీ వినపళ్లేదు" అన్నాను. క్షయ, సూదిమందు, తంతి యంత్రం అన్నీ చెప్పినాను. డాక్టరు కాకుండా వేరే మనిషికి చెప్పడం అదే మొదలు.

ఆయన అయ్యో అనలేదు. క్లారినెట్ బిగించి, "చెయ్యెత్తు. వినపడినంతసేపు ఎత్తే ఉంచు" అని సైగ చేసి చూపించినాడు. కింది నుంచి ఒక్కొక్క స్వరం మెల్లగా ఊదుకుంటూ వచ్చినాడు. నేను ఆయన వేళ్ల వైపు చూడకుండా కండ్లు మూసుకున్నాను. పై స్థాయి గాంధారం సన్నటి దారం మాదిరి వినపడింది. దాని తర్వాత ఏమీ రాలేదు. చెయ్యి దించినాను. మళ్లీ ఒకసారి చేసినాడు. మళ్లీ అక్కడే దించినాను.

"ఈడిదాకా ఉండాది నీకు" అన్నాడు ఆయన, నా చెవి దగ్గరికి వంగి.

"వచ్చే యేడు ఇది కూడా కిందికి దిగుతుందా సాబూ?"

"అది నాకు తెల్దప్పా" అన్నాడు. టీ ఒక గుక్క తాగి, "ఇంట్లో చెప్పినావా?" అని అడిగినాడు.

లేదన్నాను.

"చెప్పు" అన్నాడు. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, మైదానంలో వాయించిన ఆ పాటనే మొత్తం కిందికి దించి, నాకు వినపడే మేరలోనే మొదటి నుంచి చివరి దాకా వాయించినాడు. పైకి ఎక్కాల్సిన చోట ఎక్కలేదు. కిందనే తిప్పి, కిందనే నిలిపినాడు. టీ అంగడాయన పొయ్యి ఊదడం ఆపి చూసినాడు. నాకు కండ్లలో నీళ్లొచ్చినాయి. భయం పోలేదు. పాట జరిగినంతసేపు అది కొంచెం దూరంగా పోయి కూర్చునింది, అంతే.

హైస్కూలు వరండాలో పడుకుని, పొద్దున ఏడు బస్సుకు బయల్దేరినాను. వరండాలో పడుకోవడానికి ఎవరూ ఏమీ అడగరు, దుప్పటి మాత్రం తెచ్చుకోవాల. హిందూపురంలో రైలెక్కినప్పుడు నా ఎదురుగా జాకెట్టు గుడ్డలు అమ్మే ఒకామె కూర్చుని పలకరించింది. పెదవులు కదిలినాయి. అలవాటుగా తలూపబోయి, ఆపుకున్నాను.

"అమ్మా, నాకు చెవులు సరిగ్గా వినపడవు. కొంచెం గట్టిగా చెప్పు" అన్నాను. చెమట పట్టింది. పెట్టెలో అందరూ నన్నే చూస్తున్నారనిపించింది.

ఆమె మూట ఎత్తుకుని వచ్చి నా పక్కన కూర్చునింది. "ముందే చెప్పల్ల గదన్నా" అని, అల్లుడు చేసిన ఆగమంతా ధర్మవరం దాకా పెట్టెలో అందరికీ వినపడేటట్టు చెప్పింది.

ఆఫీసు సంగతి కూడా చెప్పేస్తాను. ఆ వారమే పోస్టుమాస్టరు ముందర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పినాను. ఆయన చాలాసేపు బల్ల మీది కాయితాలు సర్దినారు. తర్వాత నన్ను తంతి బల్ల నుంచి స్టాంపుల కిటికీకి మార్పించినారు. ఉద్యోగం నిలిచింది. అనంతపురం నుంచి బస్సులో వస్తున్నప్పుడు మాత్రం అదేమీ తెలియదు. తాడిపత్రి దగ్గరపడే కొద్దీ మార్తమ్మకు ఎట్ల చెప్పాలో మాటలు కూర్చుకుంటూ, చెరిపేసుకుంటూ వచ్చినాను.

ఐదున్నరకు బస్సు దిగితే, బస్టాండులో మార్తమ్మ నిలబడి ఉంది. నేను ఊరి నుంచి వస్తే ఆమె ఎప్పుడూ అక్కడికి రాలేదు. మొగం ఎండకు కందిపోయింది. నా ఎదురుగా వచ్చి, సరిగ్గా నా మొగంలోకి చూస్తూ అడిగింది.

"వినపడిందా?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "నీకెట్ల తెలుసు?"

"ఆరు నెలలాయ. ఎనక నుంచి పిలిస్తే పలకవు. అందుకే పని ఇడిసిపెట్టి నీ ముందరికొచ్చి మాట్లాడతాండా."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూస్తి. నిన్న నువ్వు పోయినప్పట్నుంచి ఊపిరాడలేదు నాకు. ఈ పొద్దు ఇది నాలుగో బస్సు."

"సగం వినపడింది" అన్నాను.

ఆమె సంచి అందుకునింది. ఈ ప్రయాణం గురించి నన్ను ఎవరన్నా అడిగితే, బస్సులూ రైళ్లూ సరిగ్గానే నడిచినాయి, బ్యాండు మునుపటంత బాగుండింది అనే చెప్తాను. భయపడుతూ పోయి, భయపడుతూనే వచ్చినాను. పోయేటప్పుడు ఆ భయం నా ఒక్కడిదే అనుకున్నాను.

బండలు నింపుకున్న లారీలు వరసగా వస్తున్నాయి. మార్తమ్మ నన్ను గోడ పక్కకు నెట్టి, లారీలు వచ్చే పక్కన తాను నడిచింది.